‘ఐ విల్ కమ్’ అని ఐదు వారాలు

ఇంగ్లీషు చదవడమూ రాయడమూ వచ్చి, మాట్లాడడం మాత్రం రానివాళ్ళందరం ఒక ప్రత్యేక జాతిగా బతికిన రోజులవి. ఢిల్లీ మెట్రో రైలు అప్పుడప్పుడే గుర్‌గావ్ దాకా పాకింది. ఆ ఊరు గురుగ్రామ్‌గా మారడానికి ఇంకా కొన్నేళ్ళుంది. పులి మనిషిని చంపెను అని ఇస్తే, మనిషి పులిచేత చంపబడెను అని నిద్రలో కూడా మార్చి రాయగలిగిన జాతి మాది. ఆ పులిని ఎన్నిసార్లు ఎన్ని రకాలుగా తిప్పి రాశానో లెక్కలేదు. కానీ ఆ పులితోనే ఫోన్లో మాట్లాడాల్సి వస్తే, మాటలయ్యాక ఫోన్ ఏమని పెట్టెయ్యాలో మాత్రం తణుకులో మా మాస్టార్లలో ఒక్కరూ చెప్పలేదు. (వాళ్ళనీ అనకూడదు. వాళ్ళకి ఇంగ్లీషులో ఫోన్ చేసిన పాపాత్ముడెవడూ లేడు.) ఈ చిన్న వెలితి వల్ల నా ఉద్యోగం ఒక రాత్రీ ఒక పగలూ గాల్లో వేలాడింది. ఇప్పుడు చెబితే నవ్వుతున్నారు గానీ, ఆ ఇరవై నాలుగు గంటల్లో నేను రెండు కేజీలు తగ్గాను. మా పిన్ని మూడంటుంది.

నేను తణుకు నుంచి ఢిల్లీ వచ్చి దిగింది మయూర్ విహార్‌లో బాబాయి గారింట్లో. బాబాయి కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసరు. ముప్ఫై ఏళ్ళు ఫైళ్ళ మీద నోట్లు రాసి రాసి, ఆయన ఇంట్లో కూడా ఫైలు భాషలోనే మాట్లాడేవారు. కాఫీ ఆలస్యమైతే ‘కాఫీ వ్యవహారం పెండింగులో ఉంది’ అని వంటింటికి రిమైండరు పంపేవారు. పిన్ని దాన్ని పరిశీలించి, తిరస్కరించేది. వాళ్ళమ్మాయి చిట్టి పన్నెండో తరగతి. ఢిల్లీలోనే పుట్టింది కాబట్టి తెలుగులో ఏం తిట్టినా అర్థమయ్యేది, జవాబు మాత్రం హిందీలో వచ్చేది.

ఉద్యోగం గుర్‌గావ్‌లో. ఇంగ్లండులో గొడుగులూ వానకోట్లూ అమ్మే ఒక కంపెనీకి, వాళ్ళ సరుకుల జాబితా కంప్యూటర్లో తప్పుల్లేకుండా ఉంచడం మా పని. రోజూ సాయంత్రం నాలుగింటికి అక్కడి దొరసానమ్మకి ఫోన్ చేసి ఆ రోజు ఎన్ని గొడుగుల్ని సరిదిద్దామో చెప్పాలి. చేరిన నాలుగున్నర నెలలకి ఆ భాగ్యం నాకు దక్కింది. ఆరు నెలలు ప్రొబేషను. పని నచ్చితే ఉద్యోగం పర్మనెంటని కాగితం ఇస్తారు, నచ్చకపోతే తణుకు రైలెక్కడమే. అక్కడ మా మేనమామ తన ఎరువుల కొట్లో నా కోసం ఒక కుర్చీ తుడిచి ఉంచాడని అమ్మ ప్రతి ఆదివారం ఫోన్లో గుర్తు చేసేది. ఆ కుర్చీ నాకు కల్లోకి వచ్చేది. యూరియా వాసనతో సహా.

కాగితం మీద సంతకం పెట్టాల్సింది మా మేనేజరు. ఆయనకి మేం పెట్టుకున్న పేరు ఠీక్‌హై సారు. ఆయన ఏం చెప్పాలన్నా, సరే అని అర్థమొచ్చే ఆ రెండు హిందీ ముక్కలతోనే చెప్పేవారు, మేం రాగాన్ని బట్టి అర్థం చేసుకోవాలి. టక్కున అంటే మెచ్చుకున్నట్టు. ‘ఠీ...క్ హై’ అని సాగదీస్తే మళ్ళీ చేసి తెమ్మన్నట్టు. మూడోది, మొహం చూడకుండా, పెన్ను మూత మెల్లిగా పెడుతూ, పూజారి గర్భగుడి తలుపు దగ్గరకేసినంత నెమ్మదిగా అంటే మాత్రం మన పని అయిపోయినట్టు. మూడోది విన్నవాణ్ణి నేను చూసింది ఒక్కణ్ణే. కాన్పూర్ నుంచి వచ్చిన ఒకతను, మేనేజరుకి తెలియకుండా దొరసానమ్మనే నేరుగా ‘నన్ను ఇంగ్లండు పిలిపించండి’ అని అడిగాడు. మా ఆఫీసులో అంతకు మించిన నేరం లేదు. పొద్దున అతనికి మూడో రకం వినపడింది. మధ్యాహ్నానికి అతని బల్ల మీద టీ కప్పు తప్ప ఏమీ మిగల్లేదు. కప్పులో టీ ఇంకా వేడిగా ఉందని అందరూ అన్నారు. నేను ముట్టుకుని చూశాను, నిజమే.

గొడుగుల గురించి దొరసానమ్మతో మాట్లాడడం కష్టమేం కాలేదు. పొద్దున్నే రాసుకుని కంఠతా పట్టేవాణ్ణి. చిక్కల్లా చివర్లోనే. మనం ఫోన్ పెట్టేసేటప్పుడు ఏమంటాం? ‘సరేనండీ, ఉంటాను’ అంటాం. మొదటి రోజు గొడుగులన్నీ అయిపోయాక ఫోన్లో ఒక నిశ్శబ్దం వచ్చింది. నేనేదో అనాలి. నా నోరు నన్నడక్కుండా అనువాదం చేసేసింది. ‘ఓకే మేడమ్, ఐ విల్ స్టే’ అన్నాను. అటువైపు ఆవిడ జాలిగా ‘ఓ, యూ పూర్ థింగ్’ అంది. మా ఇంటి ఆర్థిక పరిస్థితి ఈవిడకెలా తెలిసిందా అని ఆ రోజంతా ఆలోచించాను.

వారం రోజులు ఉంటాను ఉంటాను అంటూనే ఉన్నాను. వారం చివర్లో ఆవిడ మా మేనేజరుకి ఉత్తరం రాసింది. ఈ కుర్రవాడు రోజూ ఫోనయ్యాక కూడా పనికోసం ఆఫీసులోనే ఉండిపోతానంటున్నాడు, మా గొడుగుల మీద ఇంత ప్రేమ మేమెక్కడా చూడలేదు అని. ఠీక్‌హై సారు నన్ను పిలిచి మొదటి రకం అన్నారు. టక్కున. అంతటితో ఆగితే బాగుండేది. ఎలాగూ ఉంటున్నావు కదా అని రాత్రి తొమ్మిదింటి దాకా చేసేటంత పని కూడా ఇచ్చారు. ఒక్క క్రియాపదం తప్పు పడితే రోజుకి మూడు గంటల చాకిరీ. పిన్ని పప్పు వెచ్చబెట్టీ వెచ్చబెట్టీ, చివరికి ఆ పప్పుకే నా పేరు పెట్టింది.

ఇక ‘ఉంటాను’ పనికిరాదని తేలిపోయింది. కొత్త మాట కావాలి. నోటు పుస్తకంలో ఒక పేజీ తీసి, గీత గీసి, శాస్త్రీయంగా మొదలుపెట్టాను. ‘బై’ అన్నది రాసి కొట్టేశాను; అది గుమ్మంలో నిలబడిన పెద్దమనిషి మొహం మీద తలుపు వేసినట్టుంది. ‘వెళ్ళొస్తాను’ రాశాను. దాని ఇంగ్లీషు ‘ఐ విల్ గో అండ్ కమ్’. చూడ్డానికి బాగానే ఉంది గానీ అందులో ఆ ‘గో’ అన్న మాట చూడగానే మా నాయనమ్మ గుర్తొచ్చింది. మా ఇంట్లో ఎవరూ గడప దాటుతూ వెళ్తున్నానని అనడానికి వీల్లేదు. ఒకసారి పోస్టుమాన్ ఉత్తరమిచ్చి ‘పోతున్నానమ్మా’ అన్నాడని, మా నాయనమ్మ అతన్ని వీధి మలుపులోంచి వెనక్కి పిలిపించి, లోపల కూర్చోబెట్టి, మజ్జిగ పోసి, ‘వస్తానమ్మా’ అనిపించి పంపింది. (పాపం అతను మరునాడు ఉత్తరాలేం లేకపోయినా వచ్చాడు. మాటిచ్చానన్నాడు.) అలాంటి ఇంట్లో పుట్టి, సముద్రాలకవతల ఉన్న ఆడమనిషితో సాయంత్రం పూట ‘గో’ అనడమా? ఆ ముక్క కొట్టేశాను. మిగిలింది ‘ఐ విల్ కమ్’. చిన్నగా, మర్యాదగా, మంగళకరంగా ఉంది. నా పాండిత్యానికి నేనే మురిసిపోయాను.

అప్పట్నుంచి ఐదు వారాలు, శని ఆదివారాలు తప్ప, రోజూ నాలుగుం పావుకి ‘ఓకే మేడమ్, ఐ విల్ కమ్’ అని ఫోన్ పెట్టేశాను. మొదట్లో ఆవిడ ఒక్క క్షణం ఆగి ‘ఓ. లవ్‌లీ’ అనేది. నా ఉచ్చారణ గురించనుకున్నాను.

ఐదో వారం తర్వాత సోమవారం సాయంత్రం ఫోనయ్యాక ఠీక్‌హై సారు పిలుస్తున్నారని కబురొచ్చింది. ఆ శుక్రవారానికి నా ఆర్నెల్లూ పూర్తవుతాయి. కాగితం ఇస్తారనుకుని దువ్వెనతో తల దువ్వుకుని మరీ వెళ్ళాను. కాగితం నిజంగానే బల్ల మీద ఉంది, గాజు పేపర్‌వెయిటు బరువు కింద. నా పేరు కనపడుతోంది, కింద సంతకం లేదు. ఆయన కంప్యూటరు తెర నావైపు తిప్పారు. దొరసానమ్మ రాసిన ఉత్తరం. మీ కుర్రవాడు మా దగ్గరికి వస్తానని రోజూ మాటిస్తున్నాడు, మాకందరికీ చాలా సంతోషంగా ఉంది, ఎప్పుడొస్తున్నాడో చెబితే ఏర్పాట్లు చేసుకుంటాం, హోటల్ బుక్ చెయ్యాలా, అతను శాకాహారా?

 చివరి రెండు ప్రశ్నలూ రెండుసార్లు చదివాను. ఠీక్‌హై సారు వేళ్ళు మడిచి హిందీలో లెక్క చెప్పారు.

“ముందు స్టే. తర్వాత కమ్. ఇక నెక్స్ట్ ఏంటి, అక్కడే సెటిల్ అవుతావా?”

అప్పుడే చెప్పేసి ఉండాల్సింది. చెప్పాను కూడా. కాకపోతే హిందీలో చెప్పాను. నా హిందీ నా ఇంగ్లీషుకి తమ్ముడు. మా వైపు ‘వెళ్ళడం’ అంటే చచ్చిపోవడం, అందుకని నేను వెళ్ళనని చెప్పబోయి ఏం చెప్పానో తెలీదు గానీ, ఆయన మొహం ఒక్కసారిగా మెత్తబడి, మీ ఇంట్లో ఎవరు పోయారని అడిగారు. ఎవరూ పోలేదన్నాను. మళ్ళీ గట్టిపడింది. చావు అబద్ధం చెప్పేవాడు ఏమైనా చేస్తాడని ఆయన అనుకున్నట్టు ఆ కనుబొమల్లో స్పష్టంగా కనిపించింది. రేపు నాలుగింటి ఫోన్ నా గదిలోంచే చెయ్యి, స్పీకరు పెట్టు, వస్తానని ఎందుకన్నావో ఆవిడకే చెప్పు, నువ్వు ప్రయాణం అడిగావని ఆవిడ నోటంట వస్తే ఈ కాగితం చించేస్తాను అన్నారు. చివర్లో ఠీక్ హై అనలేదు. ఏ రకమూ అనలేదు. అది నాలుగో రకమై ఉంటుందని, అది అంతవరకూ ఏ ప్రాణీ విని ఉండదని అనుకున్నాను.

ఆ రాత్రి మయూర్ విహార్‌లో అత్యవసర సమావేశం జరిగింది. బాబాయి మొత్తం విని, కళ్ళజోడు పెట్టుకుని, ‘ఇందులో భయపడ్డానికేముందిరా, ఒక వివరణ ఇస్తే సరిపోతుంది’ అని తెల్లకాగితం తీశారు. గంటన్నర రాశారు. ఆయన ఇంగ్లీషుని తెలుగులోకి దించితే ఇలా ఉంటుంది: పైన ఉదహరించిన టెలిఫోను సంభాషణలయందు క్రింద పేర్కొన్న వ్యక్తి ఉపయోగించిన ‘వచ్చెదను’ అను పదము అతని రాకపోకలకు సంబంధించినది కాదనియు, సదరు పదము మొదటి తేదీ నుండియే రద్దయినట్లు పరిగణింపవలసినదనియు సవినయముగా మనవి చేయడమైనది. ముగింపులో మూడు సెమీకోలన్లున్నాయి. ఇది చదివితే ఎంత పెద్ద అధికారైనా నోరెత్తడని బాబాయి హామీ ఇచ్చారు. (ఆయన నోట్లు చదివి నోరెత్తినవాళ్ళు నిజంగానే లేరు. చదివినవాళ్ళే లేరు.)

పిన్ని మాత్రం ఆశ్చర్యంగా, “అయితే ఆవిడ పాపం నీ కోసం వంటా వార్పూ చూసుకుంటోందన్న మాట. ఆ మనిషికేం చెబుతావురా?” అంది. అంతవరకూ నాకు ఆ ఆలోచనే రాలేదు. భయంలో పడి, అటుపక్క ఒక మనిషి నిజంగానే నన్ను రమ్మంటోందన్న సంగతే మర్చిపోయాను.

చిట్టి పుస్తకంలోంచి తలెత్తకుండా, “భయ్యా, ఇత్నా క్యా సోచ్‌నా? ‘టాక్ టుమారో, బై’ బోలో, ఫోన్ రఖో. బస్” అంది.

ఆ మాట అనేసి ఫోన్ పెట్టెయ్యడం, అంతేనా అన్నాను. అంతే అంది. ఇంగ్లండులో రాణిగారైనా ఫోన్ అలాగే పెడుతుందని చెప్పింది. ఆ మూడు ముక్కలూ నాచేత ముప్ఫైసార్లు అనిపించింది. ఇరవై తొమ్మిదిసార్లు ‘టాక్ టుమారో, ఐ విల్ కమ్’ అని వచ్చింది. ముప్ఫయ్యోసారి ‘బై’ వచ్చింది గానీ వెంటనే నాలిక కరుచుకున్నాను.

మర్నాడు మెట్రోలో రాజీవ్ చౌక్ దాకా ‘టాక్ టుమారో బై’ అని జపం చేసుకుంటూ పోయాను. ఢిల్లీ మెట్రోలో పొద్దున్న పూట సీటు దొరకడమంటే పార్లమెంటులో సీటు దొరికినంత. అలాంటిది, నా ఎదురుగా కూర్చున్న ఇద్దరు నా పెదాలు కదలడం కాసేపు చూసి, లేచి, నాకు రెండు సీట్లూ వదిలేసి అవతలి తలుపు దగ్గరికి జరిగారు. కూర్చున్నాను. ఆ ప్రయాణంలో నాకు కలిసొచ్చింది అదొక్కటే.

నాలుగయింది. ఠీక్‌హై సారు గదిలో బల్లకి అటుపక్క ఆయన, ఇటుపక్క నేను, మధ్యలో ఫోనూ, గాజు బరువు కింద కాగితమూ. ఆయన చేతిలో పెన్ను, మూత తీసే ఉంది. నేను ఆ మూతనే చూస్తూ నంబరు నొక్కాను. ఫోన్ మోగిన ఆ కాస్సేపట్లో తణుకులో మేనమామ కుర్చీ ఇంకోసారి తుడవడం నాకు కనిపించింది.

దొరసానమ్మ ఎత్తగానే హుషారుగా, మీ ఉత్తరం కోసమే చూస్తున్నాం, ఎప్పుడొస్తున్నావని అడిగింది. నేను బాబాయి కాగితం మడత విప్పి, గొంతు సవరించుకుని, ‘మేడమ్, ఐ బెగ్ టు స్టేట్’ అని మొదలెట్టాను. ఆవిడ కంగారుగా, “ప్లీజ్, డోంట్ బెగ్” అంది.

అంతే. నా దగ్గర బాబాయి రాసినవి ఇంకా పందొమ్మిది పంక్తులున్నాయి గానీ అడుక్కోవద్దన్న మనిషి దగ్గర మళ్ళీ ఎలా అడుక్కుంటాం? ఠీక్‌హై సారు పెన్నుతో బల్ల మీద ఒక్కసారి కొట్టారు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. అప్పుడు నా నోట్లోంచి ఏ పుస్తకంలోనూ లేని ఇంగ్లీషు, నాదే అయిన ఇంగ్లీషు, బయటికొచ్చింది.

“ఇన్ మై హౌస్ నోబడీ గోస్, మేడమ్. ఓన్లీ డెడ్ పీపుల్ గో. సో వి సే, ఐ విల్ కమ్. ఇట్ మీన్స్ బై.”

 ఇంగ్లండుకీ గుర్‌గావ్‌కీ మధ్యనున్న సముద్రాలన్నీ వినపడ్డాయి నాకు. చాలాసేపటికి, అంటే మూడు సెకన్లకి, ఆవిడ అడిగింది: అయితే ఐదు వారాలుగా నువ్వు రోజూ నాకు గుడ్‌బై చెబుతున్నావా అని. యెస్ మేడమ్ అన్నాను. మరి అంతకుముందు ఉంటానన్నావు కదా, అది? అని అడిగింది.

ఇక్కడ కాస్త ఆగాలి. ఆ ‘ఉంటాను’ వల్లే నేను గొప్ప పనిమంతుణ్ణని పేరొచ్చింది. గాజు బరువు కింద కాగితం టైపయ్యింది కూడా ఆ పేరు మీదే. అది నిజమే మేడమ్, పనికోసమే ఉన్నాను అంటే గండం గడిచిపోతుంది. ఠీక్‌హై సారు నా కళ్ళలోకే చూస్తున్నారు. నేను ఫోన్ వైపు చూశాను.

“దట్ ఆల్సో బై, మేడమ్” అన్నాను.

ఠీక్‌హై సారు కళ్ళు మూసుకున్నారు. దొరసానమ్మ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. ఈ పద్ధతి ఎవరు నేర్పారని అడిగింది. మా నాయనమ్మ అన్నాను. ఆవిడ ఎలా ఉన్నారని అడిగింది. ఆ ప్రశ్నకి నేను తయారై రాలేదు. మా నాయనమ్మ పోయి అప్పటికి రెండేళ్ళు. చెప్పడానికి ఒక్క మాటే దొరికింది, నోటు పుస్తకంలో గీత కొట్టి పక్కన పడేసిన మాట.

“షి వెంట్, మేడమ్.”

ఫోన్లో నేను ఆ క్రియ వాడడం అదే మొదటిసారి. ఆవిడ ‘ఐ సీ’ అంది, అది నాకు చాలా మర్యాదగా అనిపించింది. తర్వాత మామూలుగా ఆ రోజు గొడుగుల గురించి అడిగింది. పిడి విరిగినవి పద్నాలుగు, జాబితాలో రెండుసార్లు ఎక్కినవి ఆరు అని చెప్పాను. అయిపోయింది. ఇప్పుడు చివరి మాట నాది. టాక్ టుమారో బై, టాక్ టుమారో బై. నోరు తెరిచాను. ఆవిడే ముందు అందుకుంది.

“రైట్, దెన్. ఐ విల్ కమ్.”

ఫోన్ పెట్టేసింది.

ఠీక్‌హై సారు చటుక్కున లేచి నిలబడ్డారు. ఆవిడ వస్తోందా, ఎప్పుడు, ఎంతమంది, ముందే చెప్పకపోతే ఎలా, ఈ గోడలకి సున్నం వేయించాలి, మూడో అంతస్తు లిఫ్టు పనిచెయ్యడం లేదు అని ఒక్క గుక్కలో హిందీలో పదహారు వాక్యాలు అన్నారు. ఆర్నెల్లలో ఆయన నోట అన్ని మాటలు నేను వినలేదు. ‘సర్, షి సెడ్ బై’ అన్నాను. ఆయన నిలబడ్డవారు నిలబడ్డట్టే నన్ను చూశారు, ఫోన్ని చూశారు. మెల్లిగా కూర్చున్నారు. సంతకం పెట్టారు. కాగితం నావైపు తోసి, టక్కున అన్నారు, మొదటి రకం. అన్నాక కాసేపు ఆలోచించి, ఇకనుంచి గొడుగుల లెక్క నువ్వు చెప్పు, ఫోన్ పెట్టేసేటప్పుడు మాత్రం పక్కన ఇంకొకరు ఉండాలన్నారు. అలా మూడు నెలల పాటు, నేను మాట్లాడడం, నా తరఫున ఒక పంజాబీ సహోద్యోగి ‘బై’ అనడం జరిగాయి. పెళ్ళిలో మంత్రాలు పురోహితుడు చదివినట్టు.

ఆ తర్వాత చిట్టి దయవల్లా, మెట్రో జపాల వల్లా నా ఇంగ్లీషు బాగుపడింది. మామూలు మనుషులు మామూలుగా అనే మాటలు ఒకటొకటిగా నోటికొచ్చాయి. కొన్నాళ్ళకి, ఆలోచించకుండానే, ‘స్పీక్ సూన్’, ‘టేక్ కేర్’ అని ఫోన్ పెట్టేసేటంత వాణ్ణయ్యాను. ఎనిమిదేళ్ళ తర్వాత ఆ గొడుగుల పని ఇంకెవరికో వెళ్ళిపోయింది. ఆఖరి రోజు ఆఖరి ఫోన్ నేనే చేశాను. జాబితా అప్పజెప్పాను, ఇన్నేళ్ళూ చాలా నేర్చుకున్నానని చెప్పాను, ఒక్క తప్పు లేదు. చివర్లో గుక్క తిప్పుకోకుండా, ‘టేక్ కేర్, బై నౌ’ అన్నాను. లండన్‌లో పుట్టినవాడు కూడా అంత సహజంగా అనలేడు.

ఆవిడ పెట్టెయ్యలేదు. ఒక్క క్షణం, రెండు క్షణాలు ఫోన్ పట్టుకునే ఉంది. ఆవిడ దేనికోసం ఆగిందో నాకు రాజీవ్ చౌక్‌లో రైలు మారుతుంటే వెలిగింది. అప్పటికి ఆ నంబరు పనిచెయ్యడం మానేసింది.

ఇప్పుడు ఢిల్లీ పక్కన వైశాలిలో మా ఇంట్లో, పొద్దున్నే మా అమ్మాయి బూట్లు తొడుక్కుంటూ ‘పాపా, జా రహీ హూఁ’ అని, వెళ్తున్నానని అరుస్తుంది. ‘వస్తాను’ అను, అంటాను వంటింట్లోంచి. సాయంత్రం ఎలాగూ వస్తాను కదా అంటుంది, తెలుగులోనే, నన్ను వేళాకోళం చెయ్యాలనుకున్నప్పుడు దానికి తెలుగు బాగా వస్తుంది. సరేలే అని తలుపు వేసుకుంటాను. కాకపోతే ఒక పక్క చూసుకుంటే, ఆ దొరసానమ్మ వస్తానని చెప్పి ఇన్నేళ్ళయింది, ఇంకా రాలేదు. ఎప్పుడైనా వస్తే హోటల్ బుక్ చెయ్యాలా, శాకాహారమేనా అని అడగాలని ఆ రెండు ప్రశ్నలూ తప్పుల్లేని ఇంగ్లీషులో ఎప్పుడో తయారుచేసి పెట్టుకున్నాను.